చూడలేనివాని యెదుట రాయి

లేవీయకాండము 19వ అధ్యాయములో రెండు ఆజ్ఞలు ఒకదానికొకటి దూరముగా నున్నవి. 14వ వచనములోనిది, కన్నులు లేనివాడు నడచు త్రోవలో అతని కాలికి తగులునట్లు ఏదియు పెట్టరాదని. 35, 36 వచనములలోనిది, త్రాసును కొలపాత్రయు న్యాయమైనవిగా నుండవలెనని. మనము మొదటిదానిని అంగహీనులయెడల చూపవలసిన దయను గూర్చియు, రెండవదానిని అంగడివారిని గూర్చియు బోధించి, రెంటిని వేరుచేయుదుము. అయితే ఈ దినములలో జరుగుచున్న ఒక బేరమును తలంచినప్పుడు, ఈ రెండును ఒక్క ఆజ్ఞయే యేమో యని తోచుచున్నది. ఆ బేరము, ఆన్‌లైనులో రంగురాయి కొని ఉంగరము చేయించుకొనుట.

ఇది పట్టణపు ధనవంతుల సంగతి, మనకెందుకు అని చదువరులు పేజీ త్రిప్పవద్దు. మన పల్లె సంఘముల బిడ్డలు హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను, అమెరికాలోను పనిచేయుచున్నారు. వివాహములో ఉంగరములు మార్చుకొనుట మనలో ఆచారమైయున్నది. ఒక యువకుడు జీతములో కొంత కూడబెట్టి, దుకాణములో దొరకు ఉంగరము కాక, తన పెండ్లికుమార్తె కొరకే వేరుగా ఒకటి చేయింపగోరెననుకొందము. సెల్‌ఫోనులో ఒక నీలమునో, గులాబి రంగు రాయినో, పసుపు రాయినో చూచి సొమ్ము పంపును. శ్రీలంకనుండియో థాయిలాండునుండియో చిన్న పొట్లము వచ్చును. ఇచ్చట కంసాలి దానిని బంగారములో పొదుగును. ఇందులో పాపమేమియు లేదు. ప్రశ్న ఏమనగా, అమ్మువాడు ఆ రాతిని గూర్చి తనకు తెలిసినదంతయు చెప్పవలెనా? అడుగనిదానిని చెప్పక ఊరకుండుట అబద్ధమగునా?

ముందుగా ఆ రాయి యెట్టిదో తెలిసికొనవలెను. నీలము అనునది కురువిందమను ఖనిజము. కొరండం అను ఇంగ్లీషు పేరు తమిళమునుండి పోయినదే. కత్తులు నూరు సానకు వాడునదియు ఈ జాతిదే. ఖమ్మము ప్రాంతమున అట్టి మామూలు కురువిందము దొరకును. శుద్ధమైన కురువిందమునకు రంగు లేదు. ఇనుమును టైటానియమును లేశమాత్రము కలిసినయెడల నీలి రంగు వచ్చును, క్రోమియము కలిసినయెడల ఎరుపు వచ్చును. ఎరుపుదానిని కెంపు అందురు. తక్కిన పసుపు, గులాబి, ఆకుపచ్చ, నారింజ రంగులవన్నియు వ్యాపారులు సఫైరు అను ఒక్క పేరుననే అమ్ముదురు. పసుపుదానిని మనవారు కనకపుష్యరాగమందురు. అయితే పుష్యరాగమను పేరు టోపజు అను వేరొక చవుక రాతికిని చెల్లుచున్నది గనుక పేరులోనే మొదటి చిక్కు కలదు.

పేర్ల మాట వచ్చినది గనుక మరియొక సంగతి చెప్పెదను. నిర్గమకాండము 24:10 లోను యోబు 28:6 లోను మనము నీలమని చదువు రాయి నేటి నీలము కాదనియు, లాజవర్దమను నీలిరాయి యనియు పండితులు అనేకులు తలంతురు. యోబు గ్రంథము ఆ రాళ్లతోపాటు బంగారు పొడిని చెప్పుచున్నది. లాజవర్దములో బంగారువలె మెరయు చుక్కలుండును. కాలక్రమమున పేరు ఒక రాతినుండి మరియొక రాతికి మారిపోయినది. అందులో ఎవరును ఎవరిని మోసగింపలేదు.

మోసమునకు చోటు కలుగునది కొలిమియొద్ద. అంగడిలోని నీలములలో గనినుండి వచ్చినట్లే యుండునవి కొద్ది, పెక్కు కాల్చబడినవే. శ్రీలంకలో గ్యూడా అను పాలవంటి తెల్లని రాళ్లను ఒకప్పుడు ఎవరును లెక్కచేయలేదు. 1970 దశకములో థాయిలాండు వ్యాపారులు వాటిని చవుకగా కొనిపోయి, 1500 డిగ్రీలకు మించిన వేడిలో కాల్చి, చక్కని నీలములుగా మార్చిరి. ఆ రంగు పోవునది కాదు. దానిని కాల్చిన రాయి అని చెప్పి అమ్మినయెడల తప్పు పట్టుటకేమియు లేదు. అయితే 2001, 2002 సంవత్సరములలో థాయిలాండునందలి చాంతబురి నుండి నారింజ, గులాబి రంగుల రాళ్లు విస్తారముగా వచ్చినవి. మామూలుగా కాల్చినవే యని చెప్పి వాటిని అమ్మిరి. తీరా పరీక్షింపగా, బెరిలియమను మూలకమును వేడిలో రాతిలోనికి చొప్పించినందున ఆ రంగు వచ్చినదని తేలినది. ఇదిగాక, టైటానియము పట్టించిన కొన్ని రాళ్లకు రంగు పైపొరలో మాత్రమే యుండును. మరల సానపెట్టినయెడల తేలిపోవును. పగుళ్లలో సీసపు గాజు నింపి, కోబాల్టుతో రంగు తెచ్చినవియు కలవు. ఫ్రాన్సు దేశస్థుడైన వెర్నెయి 1902లో వెల్లడిచేసిన విధానమున, పొడిని మంటలో కరగించి మొదట కెంపులను, కొలదికాలమునకే నీలములను చేయ నారంభించిరి. అవియు పదార్థమునుబట్టి కురువిందమే. వీటన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టినయెడల మన కంటికి ఒకటిగానే కనబడును. ధరలో మాత్రము ఆకాశమునకు పాతాళమునకు నున్నంత తేడా. బెరిలియమునైతే అనుభవముగల వర్తకుడు భూతద్దము పెట్టినను నిశ్చయముగా కనుగొనలేడు. దానికి పరీక్షశాలలోని యంత్రము కావలెను.

చేతపట్టి చూచువానికే యింత కష్టమైనప్పుడు ఫోనులో చూచువాని గతి యేమి? బలమైన దీపము క్రింద తీసిన బొమ్మలో మందపు రంగు కళకళలాడును. పగటి వెలుగులో ఒక రంగును, రాత్రి దీపమున మరియొక రంగును చూపు రాళ్లు కలవు. రాతి నడుమ వెలుగు నిలువక కిటికీవలె తేలికగా కనబడు లోపము, ఒక ప్రక్కకు వంచి తీసిన బొమ్మలో తెలియదు. బరువును క్యారటులలో చెప్పుదురు. ఒక క్యారటు 0.2 గ్రాము. బరువు తగ్గకుండుటకై కొందరు రాతి కడుపును లావుగా విడిచి కోయుదురు. అట్టిదానిని కొన్నవాడు బరువుకు వెల ఇచ్చి, పైకి చిన్న రాయిని చూచుకొనును. కావున ఎంత బరువని మాత్రమే గాక, ఎన్ని మిల్లీమీటర్లని కూడ అడుగవలెను. కన్నులు మందగించిన ఇస్సాకు తన యెదుట నిలిచినవానిని చేతులతో తడవియైనను చూచెను (ఆది. 27). ఫోనులో కొనువానికి ఆ తడవుటయు లేదు. లేవీయకాండములోని కన్నులు లేనివాడు ఇతడే గదా.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రోమా పండితుడైన సిసెరో క్రీ.పూ. 44లో తన కుమారునికి కర్తవ్యములను గూర్చి వ్రాసిన గ్రంథములో ఒక ధాన్యపు వర్తకుని సంగతి యున్నది. రొదు ద్వీపములో కరవు. ఇతడు అలెక్సంద్రియ నుండి ఓడనిండ ధాన్యము తెచ్చెను. వెనుక మరికొన్ని ఓడలు వచ్చుచున్నవని ఇతనికి తెలియును, కొనువారికి తెలియదు. చెప్పినయెడల ధర పడిపోవును. ఇతడు చెప్పవలెనా? బబులోనీయుడైన దియోగేనెసు, చట్టము కోరిన లోపములు చెప్పి, అబద్ధమాడకయున్న చాలుననెను. చెప్పకపోవుట వేరు, దాచుట వేరు అని అతని వాదము. తార్సు పట్టణస్థుడైన ఆంతిపత్రు, అమ్మువానికి తెలిసినదేదియు కొనువానికి తెలియక పోరాదనెను. సిసెరో ఆంతిపత్రువైపు మొగ్గెను. పదమూడవ శతాబ్దములో తోమా అక్వీనాసు ఇదే సంగతిని ఎత్తి, నడుమ ఒక గీత గీసెను. ఓడలు వచ్చుచున్నవని చెప్పుట గొప్పతనమేగాని న్యాయము దానిని బలవంతపెట్టదు; సరకులోనే దాగియున్న లోపమును మాత్రము చెప్పితీరవలెనని అతని తీర్పు.

ఆ గీత సరియైనదని నా యభిప్రాయము. తనకు మిగులు లాభమెంతయో, ప్రక్క అంగడిలో ధర యెంతయో చెప్పవలెనని ఏ వర్తకుని అడుగుదుము? అది అంగడి సంగతి. కొలిమి సంగతి రాతి సంగతి. రాతిని అమ్మి దాని చరిత్రను దాచుకొన్నవాడు సగము సరకునే అమ్మినవాడు.

'అడుగలేదు గనుక చెప్పలేదు' అను జవాబు వినుటకు బాగుగానే యుండును. కాని మనుష్యుడు తనకు కొంత తెలిసినదానిని గూర్చియే అడుగగలడు. బెరిలియము కలదా అని అడుగుటకు ముందు బెరిలియమను మాట వినియుండవలెను. ఎరువుల దుకాణములో మన రైతు ఏమి అడుగవలెనో తెలియక సంచిమీది బొమ్మ చూచి కొనుట లేదా? అడుగుటకు తెలియనివానిని అడుగలేదని తప్పు పట్టుట, గ్రుంకిన గోతిని చూడలేదని గ్రుడ్డివానిని గద్దించుటవంటిది. అమెరికాలో వర్తకమును విచారించు ప్రభుత్వ సంస్థ ఈ మర్మమును చక్కగా గ్రహించినది. రాతికి చేసిన మార్పు శాశ్వతము కానప్పుడును, దానికి ప్రత్యేకమైన జాగ్రత్త కావలసినప్పుడును, దానివలన వెల బాగుగా మారునప్పుడును కొనువాడు అడుగకున్నను చెప్పవలెనని ఆ సంస్థ నియమించినది. మన దేశములోను 2019 నాటి వినియోగదారుల చట్టము క్రింద 2020లో ఆన్‌లైను వ్యాపారమునకు నియమములేర్పడినవి. కాని సముద్రమునకు ఆవలనుండి పొట్లము పంపినవానిని మన జిల్లా కమిషను యెదుటికి రప్పించుట అంత సులభమా?

కొనువాడు మాత్రము ఎల్లప్పుడు గొఱ్ఱెపిల్ల కాడు. వస్తువు పనికిరాదని పెదవి విరిచి, కొని వెళ్లిన తరువాత అతిశయపడువానిని సామెతలు 20:14 మన కన్నులకు కట్టుచున్నది. పదిదినములలో త్రిప్పి పంపవచ్చునని అంగడివాడు నమ్మి చెప్పగా, ఒక విందుకు పెట్టుకొని మరల పంపువారు కలరు. మంచి రాయి ఉంచుకొని చవుక రాయిని పంపువాడు దొంగయే, అతనిని గూర్చి తర్కమక్కరలేదు.

అయితే ఆ గ్యూడా రాళ్లు కొన్న వ్యాపారుల సంగతి యేమి? అమ్మిన లంకవారికి ఆ రాళ్లలో ఏమున్నదో తెలియదు, కొన్నవారికి తెలియును. ఇచ్చట ఒక చదువరి మత్తయి 13:44 ఎత్తి చూపవచ్చును. పొలములో దాచబడిన ధనమును కనుగొన్నవాడు దానిని మరల కప్పిపెట్టి, యజమానునితో ఒక్కమాట చెప్పక ఆ పొలము కొనెను గదా, ప్రభువు వానిని తప్పు పట్టలేదు గదా అని. నిజమే. అయితే ప్రభువు అన్యాయస్థుడగు న్యాయాధిపతిని, యజమానుని ఆస్తి పాడుచేసిన గృహనిర్వాహకుని సయితము ఉపమానములలోనికి తెచ్చెను. ఆ పొలము కొన్నవానినుండి మనము నేర్చుకొనవలసినది వాని సంతోషమును, సమస్తమును విడిచిపెట్టిన తెగింపును. వాని బేరము కాదు. అగస్టీను ఒక మనుష్యుని సంగతి వ్రాసియున్నాడు. పుస్తకము అమ్మువాడు దాని విలువ తెలియక తక్కువ అడుగగా, ఆ మనుష్యుడు తగిన వెల యెంచి ఇచ్చెనట. అట్టివారు అరుదు. గ్యూడా విషయములో నేను పూర్తిగా ఆ వ్యాపారులను దోషులనలేను, ఏలయనగా కాల్చు విద్యయు, పగిలిపోవు రాళ్ల నష్టమును వారివే. కాని ఒక్క రూపాయి ఎక్కువ ఇచ్చినను వారి చేయి విరిగిపోయెడిది కాదు.

ఇక ఉంగరము సిద్ధమైనదనుకొనుడి. కొన్నవాడు ఇప్పుడు అమ్మినవాని స్థానములో నిలుచుచున్నాడు. అతనికి తెలియును, పెండ్లికుమార్తెకు తెలియదు. 'అల్లుడుగారు అసలైన నీలము తెచ్చినారు' అని అత్తగారు నలుగురిలో మురిసిపోవుచున్నది. అతడు కర్మాగారపు రాయి కొని, చిరునవ్వుతో ఊరకున్నాడు. ఇచ్చట ఎవని సొమ్మును పోలేదు. అయినను ఇది అంగడివాని మౌనముకంటె బరువైనదని నేను తలంతును, ఏలయనగా వీరిద్దరు జీవితకాలము ఒకరి మాట ఒకరు నమ్మవలసినవారు. కర్మాగారపు రాయి తెచ్చుటలో సిగ్గులేదు. అప్పుచేసి గనిరాయి తెచ్చుటకంటె అది మేలు. ఆ రాత్రియే 'ఇది మనుష్యులు చేసినది, నా జీతమునకు ఇదే తూగినది' అని చెప్పుటకు ఒక నిమిషము పట్టును. ఇరువది సంవత్సరములు గడచి, కుమార్తె చదువునకు ఆ ఉంగరము అమ్మబోయినప్పుడు సేటుయొద్ద ఆమె దానిని విన్నయెడల ఏమి జవాబు చెప్పును?

అమ్మబోవుటకు ముందే తేలు సమయమొకటి కలదు. వేలు లావెక్కినప్పుడు ఉంగరమును పెద్దది చేయుమని ఊరి కంసాలికి ఇత్తురు. అతడు ఊదుగొట్టముతో మంట పెట్టును, ఆమ్లములో వేసి తోమును. మంచి కురువిందము సాధారణముగా ఆ మాత్రమునకు చెడదు. గాజు నింపినదైతే ఆ గాజు మంటకు ఉబుకును, ఆమ్లమునకు కరగును, పగుళ్లన్నియు తెల్లగా తేలును. అప్పుడు నింద ఎవనిమీద పడును? రాయి పాడుచేసితివనియో, మార్చితివనియో కంసాలిమీదనే. కాల్చినవాడు, నింపినవాడు, బొమ్మ తీసినవాడు, అమ్మినవాడు, ఊరకున్న పెండ్లికుమారుడు, వీరందరి మౌనమునకు ఏమియు తెలియని ఆ బీదవాడు వెల చెల్లించును.

యిర్మీయా అనాతోతులోని పొలమును 17 తులముల వెండికి కొనినప్పుడు రెండు పత్రములు వ్రాయించెను. ఒకటి ముద్రవేసినది, ఒకటి ఎవరైనను చదువుటకు తెరచియున్నది. సాక్షుల యెదుట వెండి తూచెను. బహుదినములు చెడకుండ ఆ పత్రములను మంటికుండలో పెట్టించెను (యిర్మీయా 32). రంగురాయి కొనువాడును అట్లే చేయవచ్చును. మంచి పరీక్షశాల యిచ్చిన కాగితము అడుగవలెను. అమ్మువాడు పంపిన కాగితముమీది సంఖ్యను ఆ శాలవారి జాబితాలో సరిచూచుకొనవలెను. బంగారములో పొదుగకముందే, త్రిప్పి పంపు గడువు దాటకముందే, పెద్ద రాయియైనయెడల మరియొకచోట పరీక్ష చేయింపవలెను. పొదిగిన తరువాత త్రిప్పి పంపుట కష్టము. ఆ కాగితమును బీరువా అడుగున మడిచిపెట్టక, ఉంగరపు పెట్టెలోనే యుంచి, ఉంగరముతోపాటు కంసాలి చేతికియ్యవలెను. గాజు నింపినదని అందులో నుండినయెడల, అతడు ముందు రాతిని ఊడదీసి ప్రక్కన పెట్టి, తరువాత ఊదుగొట్టము పట్టుకొనును.