పింగళ దగ్గర చదువుకున్న అవధూత

ముఖపరిచయం లేని, తన పేరైనా ఎరుగని ఒక సమకాలిక కళాకారుణ్ణి మనసులో గురుస్థానంలో నిలుపుకోవచ్చునా అన్న ప్రశ్నకు సంప్రదాయం సూటిగా సమాధానం చెప్పినట్టు కనిపించదు. ఉపదేశం, శుశ్రూష, గురుదక్షిణ అనే మూడింటి మీద నిలిచిన గురుశిష్య బంధం ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య నడిచేది కాగా, నేటి గాయకుడో, ఛాయాచిత్రకారుడో, నటుడో తన వల్ల ఎవరు ఏమి నేర్చుకున్నారో తెలియకుండానే జీవితం గడిపేస్తాడు. పైగా బతికున్న మనిషి గనుక అతని లోపాలు కూడా ఎప్పటికప్పుడు పత్రికలకెక్కుతుంటాయి. అన్నమయ్యనో త్యాగరాజునో తలచుకునేవారికి ఈ చిక్కు లేదు, ఎందుకంటే ఆ మహానుభావుల మీద ఫిర్యాదు చేయగల ఇరుగుపొరుగువారు ఎవరూ మిగలలేదు.

భాగవతం ఏకాదశ స్కంధంలో ఈ ప్రశ్నకు వారగా ఒక సమాధానం దొరుకుతుంది. సంస్కృత మూలంలో విస్తారంగానూ, పోతన శిష్యుడని పేరుపొందిన వెలిగందల నారయ తెలుగులో క్లుప్తంగానూ సాగే ఆ ఘట్టంలో, నిర్భయంగా తిరుగుతున్న ఒక అవధూతను, అనగా సంసారపు కట్టుబాట్లన్నీ వదులుకున్న విరాగిని, యదు మహారాజు చూసి ఆ ఆనందం ఎలా అబ్బిందని అడుగుతాడు. తన బుద్ధితో తానే ఎంచుకున్న ఇరవై నలుగురు గురువులు తనకున్నారని చెప్పి, అవధూత భూమి, గాలి, ఆకాశం మొదలుకొని కొండచిలువ, తేనెటీగ, సాలెపురుగుల దాకా ఒక్కొక్కరినీ పరిచయం చేస్తాడు. వారిలో మనుషులు ఐదుగురే: తేనె పట్టేవాడు, పసివాడు, గాజుల చప్పుడుకు సిగ్గుపడిన కన్నెపిల్ల, బాణాలు చేసేవాడు, విదేహ నగరపు వేశ్య పింగళ. ఈ ఐదుగురిలో ఎవరూ అతనికి ఉపదేశం చేయలేదు, అతణ్ణి శిష్యుడిగా స్వీకరించలేదు. ఒక సన్న్యాసి తమను గమనిస్తున్నాడన్న సంగతైనా వారికి తెలిసినట్టు గ్రంథం చెప్పదు. భాగవతం పేరు చెప్పకపోయినా ఆ అవధూత దత్తాత్రేయుడేనని సంప్రదాయం నమ్ముతుంది. దత్తుని అవతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభుడు పిఠాపురంలో పుట్టాడని మరాఠీ 'గురుచరిత్ర' చెబుతుంది గనుక, మరాఠీవారి పక్క గదుల్లో బతికే ముంబై తెలుగువారికి ఈ కథ రెండు వైపుల నుంచీ సొంతమే.

పింగళను గురువుగా ఎంచడంలోని సాహసం ముంబైలోని కామాఠీపురలో నిలబడి చదివినప్పుడు మరింత స్పష్టంగా తెలుస్తుంది. నిజాం రాజ్యం నుంచి బొంబాయికి కట్టడాల పనికి వలస వచ్చిన కామాఠీలనే తెలుగు కూలీల, మేస్త్రీల పేరు మీద వెలసిన ఆ పేటను లోకం వారి పేరుతో పిలుస్తూనే వారిని మరిచిపోయింది. దేశంలో ఎక్కడ కామాఠీపుర అన్నా వినేవారికి తోచేది పడుపు వృత్తి ఒక్కటే. వరుసగా చిన్న చిన్న గదులు, వాటి ముందు పొడవాటి వసారా, అంతస్తుకంతా ఉమ్మడి మరుగుదొడ్లు ఉండే చాల్ అనే కట్టడాల్లో తరతరాలుగా కాపురాలు చేసిన తెలుగు కుటుంబాలకు, 1873లో జ్యోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజాన్ని బొంబాయిలో నిలబెట్టిన వెంకు బాలాజీ కాలేవార్, జయ కరాడీ లింగు వంటి తెలుగు పెద్దల చరిత్ర ఉంది. అంతటి చరిత్ర ఉన్న చోటును గురించి కళాకారులు చెప్పినదాంట్లో తొంభై పాళ్ళు పింగళ వాకిలి గురించే కావడం, ప్రేరణ అనేది ఎటువైపు చూస్తుందో, ఏది చూడదో తెలుపుతుంది.

పేటకు ఆనుకుని ఉన్న ఫాక్‌లండ్ రోడ్డు అధికారిక నామం పట్ఠే బాపూరావు మార్గ్. శ్రీధర కులకర్ణిగా పుట్టిన ఆ బ్రాహ్మణుడు తమాషా అనే మరాఠీ జానపద నాట్యరూపం మీది మోహంతో కులాన్ని విడిచి, పవళ అనే మహర్ కులపు నర్తకితో కలిసి ప్రదర్శనలిచ్చి, వేలకొద్దీ లావణి పాటలు కట్టిన కవిగా పేరుపొందాడు. అంటరానివారి ఉద్యమానికి అతడు తమాషా రాబడి నుంచి విరాళం ఇవ్వబోతే, దళిత స్త్రీలను ఆడించి సంపాదించిన సొమ్ము తమకు అక్కరలేదని డాక్టర్ అంబేడ్కర్ తిరస్కరించాడు. కవి పేరు వీధికి దక్కింది. అతనికి ప్రేరణ అయిన పవళ పేరు దక్కలేదు.

అదే వీధిలో అమెరికన్ ఛాయాచిత్రకారిణి మేరీ ఎలెన్ మార్క్ 1978లో కొన్ని నెలలు గడిపి, 1981లో 'ఫాక్‌లండ్ రోడ్' అన్న పేరుతో రంగుల ఛాయాచిత్రాల పుస్తకం ప్రచురించింది. అంతకు ముందు పదేళ్ళ పాటు ఆమె బొంబాయి వచ్చినప్పుడల్లా ఆ వీధిలో ఫొటోలు తీయబోవడం, అక్కడి స్త్రీలు ఆమె మీద చెత్త, నీళ్ళు విసిరి తరిమేయడం జరుగుతూ వచ్చింది. చివరకు రోజూ వెళ్ళి ఊరకే నిలబడి, ఒకరిద్దరితో మాట కలిసి, ఒక ఇంటి యజమానురాలితో స్నేహం కుదిరాక గాని లోపలి గదుల తలుపులు ఆమెకు తెరుచుకోలేదు. నీలి, ఆకుపచ్చ సున్నపు గోడల ముందు కూర్చుని జడ వేసుకుంటున్నవారు, ఇనుప కమ్మీల వెనక నుంచి వీధిని చూస్తున్నవారు, పనిలేని పగటి వేళ ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతున్నవారు ఆ చిత్రాల్లో కనిపిస్తారు. ప్రపంచంలో ఎందరో యువ ఛాయాచిత్రకారులకు ఈ పుస్తకం స్ఫూర్తినిచ్చిందనడంలో సందేహం లేదు, దాని మీద వచ్చిన అభ్యంతరాలలోనూ పస ఉంది. మెచ్చుకునేవారికీ అభ్యంతరం చెప్పేవారికీ మధ్య నడిచే వాదంలో తరచుగా మరుగునపడేది మాత్రం ఆ విసిరిన నీళ్ళ సంగతి. అవధూతను ఎవరూ తరమలేదు.

ఇక్కడ భాగవత కథను నిదానంగా చూడాలి. పింగళ సాయంకాలం అలంకరించుకుని గుమ్మంలో నిలబడి, దారిన పోయే ప్రతివాణ్ణీ ధనమిచ్చేవాడేమోనని అంచనా కడుతుంది, ఒకడు దాటిపోతే మరొకడు రాకపోడని లోపలికీ బయటికీ తిరుగుతుంది, అలా అర్ధరాత్రి అవుతుంది. నోరెండిపోయి, మనసు విరిగి, ఆ విరిగిన మనసులోంచే ఆమెకు వైరాగ్యం పుడుతుంది. గమనించవలసిన సంగతి, ఆ వైరాగ్యాన్ని అవధూత తన మాటల్లో చెప్పడు. పింగళ తనలో తాను అనుకున్నదంతా ఆమె నోటనే చెప్పించి, ఆమె పాటగా వినిపిస్తాడు. జ్ఞానం మొదట ఆమెకు కలిగింది, తరువాతే అతనికి అందింది. పటంలో బొమ్మగా పింగళను చూసి చలించడానికీ, పింగళ చెప్పింది విని నేర్చుకోవడానికీ మధ్య దూరం చాలా ఉంది; సమకాలిక కళలో ప్రేరణ పేరుతో జరిగేదాన్ని తూచడానికి ఈ దూరం కంటే మంచి కొలత కనిపించదు.

పదో శతాబ్దపు అలంకారికుడు రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో ప్రతిభను రెండుగా విభజించాడు: కావ్యాన్ని సృష్టించే శక్తి కారయిత్రి, దాన్ని గ్రహించి అనుభవించే శక్తి భావయిత్రి. రెండోదాన్నీ ప్రతిభే అనడం ఆ విభజనలోని గొప్పతనం, ఎందుకంటే దాని ప్రకారం వినేవాడు ఊరకే పట్టి నింపుకునే పాత్ర కాడు, అతనికీ చేయవలసిన పని ఉంది. కామాఠీపుర పక్కనున్న ఢోర్ చాల్‌లో పెరిగి, టాక్సీ నడిపి బతికిన మరాఠీ కవి నామ్‌దేవ్ ఢసాల్ 1970ల మొదట్లో తన తొలి కవితాసంపుటి 'గోల్‌పీఠా'కు ముందుమాట కోరినప్పుడు, అప్పటికే దేశమంతటా పేరున్న నాటకకర్త విజయ్ తెండూల్కర్ ఆ కవితల్లోని లోకం తనకు తెలియదని ఒప్పుకుని, కవినే తోడు తీసుకుని ఆ వీధులన్నీ నడిచి చూసి వచ్చాక ముందుమాట రాశాడు. వయసులో, కీర్తిలో పెద్దవాడు చిన్నవాడి వెంట శిష్యుడిలా నడిచిన ఆ తిరుగుడును భావయిత్రి ప్రతిభకు ఉదాహరణగా చెప్పవచ్చు.

అయితే అవధూత గురువుల్లోనే లేడి ఒకటి ఉందన్న సంగతిని దాటవేస్తే వాదం అసంపూర్ణమవుతుంది. వేటగాడి పాటకు మైమరచి నిలిచిపోయి ప్రాణం పోగొట్టుకునే ఆ లేడి వల్ల, లౌకిక గీతాలకు లోబడరాదని తాను నేర్చుకున్నట్టు అవధూత చెబుతాడు. ఇది సంగీతం నుంచి స్ఫూర్తి పొందడాన్ని సమర్థించేవారికి ఇబ్బంది కలిగించే మాటే. అదే జాబితాలో కొంత ముందుకు పోతే బాణాలు చేసేవాడు తగులుతాడు. రాజు అట్టహాసంగా పక్కనుంచే వెళ్ళినా, కొనను సాపు చేస్తున్న అతనికి ఆ సంగతే తెలియదు. లేడి చెవిలో పడిందీ, అతని చెవిలో పడనిదీ రెండూ శబ్దాలే. తేడా అంతా అతని చేతిలో ఒక పని ఉండటంలో ఉంది. సొంత పని లేనివాణ్ణి ఇతరుల కళ ఉన్నచోటనే నిలబెట్టేస్తుంది, అభిమాన సంఘాల ఊరేగింపులు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

చేతిలో పని ఉన్నవాడికి ఏమవుతుందో ముంబై తెలుగు బస్తీల్లోనే నిదర్శనం ఉంది. ప్రకాశం జిల్లా కనిగిరిలో 1957లో పుట్టి, కింగ్స్ సర్కిల్ ధారావి ప్రాంతంలో పెరిగిన జనుముల జాన్ ప్రకాశరావు, ఇంట్లో డబ్బుకు కటకటగా ఉండి ఏడో తరగతితో చదువు మానేసి, బొంబాయి వీధుల్లో పెన్నులు అమ్మాడు. పేరున్న సినిమా నటుల గొంతులను అనుకరిస్తూ అమ్మితే పెన్నులు ఎక్కువ అమ్ముడుపోయాయి. ఆ నటులెవరికీ తమ గొంతు ఒక తెలుగు కుర్రవాడికి కూడు పెడుతోందని తెలిసే వీలు లేదు. తరువాత తండ్రి పనిచేసే హిందుస్తాన్ లీవర్ కర్మాగారంలోనే కూలీగా చేరి బరువైన డ్రమ్ములు మోస్తూ, ప్రతాప్ జానీ, రామ్‌కుమార్ అనే మిమిక్రీ కళాకారుల నుంచి మెలకువలు నేర్చుకుని, ఒక వేడుకలో పై అధికారులను అనుకరించి చూపించినప్పుడు తోటి కార్మికులు పెట్టిన పేరే జానీ లీవర్. ఇతరుల గొంతులనే పెట్టుబడిగా మొదలుపెట్టినవాడు 1982లో 'దర్ద్ కా రిష్తా'తో సినిమాల్లోకి వెళ్ళి, కాలక్రమాన ఇతరులు అనుకరించే గొంతు అయ్యాడు. అవధూత వైరాగ్యానికీ దీనికీ సంబంధమేమిటని పండితులు కోపగించవచ్చును గాని, గురువుకు తెలియకుండా విద్య పట్టుకునే పద్ధతి మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

చిత్రకళలోనూ ఇలాంటి ప్రేరణ కనిపిస్తుంది. కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన చిత్రకారుడు తోట వైకుంఠం, తాను గీసే పెద్ద బొట్టు, నిండు చీర స్త్రీమూర్తులకు మూలం తన తల్లి అనీ, ఊరూరా తిరిగే నాటక బృందాల్లో ఆడవేషం కట్టిన మగవారనీ చెప్పాడు. కరీంనగర్ పల్లెల నుంచి బొంబాయి మిల్లులకు వలస వచ్చి, 1982 సమ్మెతో ఆ మిల్లులు కూడా పోగొట్టుకున్న పద్మశాలి కుటుంబాలకు ఆ స్త్రీలు పరాయివారు కారు. వారి చాళ్ళలో బతుకమ్మ పేర్చే తల్లులు అచ్చం అలాగే ఉంటారు. ముంబై కాలా ఘోడా గ్యాలరీల గోడల మీద ఆ బొమ్మల వెల తెలిస్తే ఆ తల్లులు ఏమంటారో ఊహించడం కష్టం కాదు.

కళాకారుని నడవడిక సంగతి మిగిలింది. 1972లో దళిత్ పాంథర్స్ స్థాపకుల్లో ఒకడైన ఢసాల్, అత్యయిక పరిస్థితి కాలంలో ఇందిరాగాంధీని సమర్థించి, తరువాతి కాలంలో శివసేనకు దగ్గరై ఆ పార్టీ పత్రికకు రాశాడు. అతని తొలి పుస్తకం చదివి కదిలినవారిలో చాలామంది దీన్ని ద్రోహంగానే తీసుకున్నారు. అవధూత దగ్గర ఈ బాధకు మందు ఉంది: పింగళ వద్ద అతడు తీసుకున్నది ఒక్క రాత్రి, ఆ రాత్రికి ముందు ఆమె ఎలా బతికిందో, తెల్లవారాక ఏం చేసిందో అతడు లెక్కలోకి తీసుకోలేదు. ఇందుకు భిన్నంగా ఏకలవ్యుడు ద్రోణుణ్ణి మొత్తంగా, మట్టిబొమ్మ చేసి మరీ గురువుగా నిలుపుకున్నాడు, ఆ మొత్తమే ఒకనాడు వచ్చి బొటనవేలు అడిగింది. అంశాన్ని తీసుకోవడం, వ్యక్తిని తీసుకోకపోవడం అన్న ఈ వివేకం శిష్యుణ్ణి కాపాడుతుంది. అది గురువును కాపాడుతుందా అంటే చెప్పడం కష్టం.

2022 ఫిబ్రవరిలో 'గంగూబాయి కాఠియావాడి' చిత్రం విడుదలకు సిద్ధమైనప్పుడు, ఆ ప్రాంతపు శాసనసభ్యుడూ కొందరు నివాసులూ కామాఠీపుర పేరును అందులోంచి తీసివేయాలని బాంబే హైకోర్టుకు వెళ్ళారు. తమ పేటంతా ఒకే వృత్తికి నిలయమన్నట్టు చూపితే అక్కడ కాపురాలు చేసే కుటుంబాల పరువు ఏం కావాలన్నది వారి మాట. న్యాయస్థానం ఆ పిటిషన్లను కొట్టివేసింది, సినిమా ఆడింది, బాగా ఆడింది కూడా. ఇరవై నలుగురు గురువుల్లో ఒక్కరికైనా అవధూత ఇచ్చిన దక్షిణ ఏమిటని యదు మహారాజు అడగలేదు గనుక, ప్రేరణ ఇచ్చిన చోటుకు తిరిగి ఏమివ్వాలన్న విషయంలో భాగవతం నుంచి సాయం దొరకదు. వెతికితే సాయం దొరికేది వేరే చోట: 1988లో మీరా నాయర్ ఇవే వీధుల్లో, వీధిపిల్లలకు నటనలో తర్ఫీదు ఇచ్చి 'సలాం బాంబే' తీసిన తరువాత, ఆ సినిమా రాబడితో వీధిపిల్లల కోసం సలాం బాలక్ ట్రస్ట్ ఏర్పడింది. ఆ సంస్థ ఇప్పటికీ పనిచేస్తోంది.