ఎన్నేండ్లుంటే ఊరోళ్లం?

ఒక మనిషి ఒక ఊరికి ఎన్నేండ్లకు సొంతమైతడు? నిజాం కాలపు ముల్కీ రూల్సు పదిహేనేండ్లు అన్నయి. ఈ గడ్డ మీద అన్నేండ్లు స్థిరంగా బతికినోడు సర్కారు నౌకరికి ముల్కీ. మా తాత ముత్తాతలు మిర్యాలగూడ తాలూకలనే పుట్టి అదే మట్టిల కలిసిండ్రు. అయినా మా వాడ ఊరి బయటనే ఉంది. మాకు ఏ లెక్క కట్టాలె?

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలిండ్రు. ఎడమ కాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దిక్కు పారింది. నీళ్ల వాసన పట్టి గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులొచ్చి అగ్గువకు భూములు కొన్నరు. జొన్నలు, ఆముదాలు పండిన చెల్కల్ల వరి పెట్టిండ్రు. ఆ వడ్లతోనే మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరైంది.

ఉన్న మాట చెప్పుకోవాలె. మా అయ్య దొర దగ్గర జీతమున్నడు. గింజలు కొలిచేదాక చేతులు కట్టుకొని నిలబడేటోడు. ఆంధ్రా రైతు దగ్గర మా అమ్మ నాట్లకు పోతే మాపటికి పైసలొచ్చినయి. "బాంచెన్" అనే అక్కర లేకపోయింది. నేను సూర్యాపేటల చదువుకునేటందుకు బస్సుకిరాయి ఆ పైసలే. కాదనను. కానీ ఆ పైసలు కూడా మా అమ్మ దోసిట్ల పైనుంచే పడ్డయి. మంచినీళ్లు ఎత్తే పోసిండ్రు. మమ్ముల ఎంత దూరం నిలబెట్టాల్నో ఆ రైతుకు ఇక్కడ ఎవరూ నేర్పలేదు. ఆయన అది నేర్చుకునే వచ్చిండు.

ఆ రైతుల వెంబడి అక్కడి మాల మాదిగలు కూడా కూలికొచ్చిండ్రు. వాళ్ల యాస కూడా మాకు కొత్తదే. వాళ్లకు ఊరు జాగ ఎక్కడ చూపింది? మా వాడ పక్కన. ఊరి పంచాయితీల కుర్చీ పడ్డది భూమి కొన్నాయనకే. ఒకే బస్సు దిగిన ఇద్దరిల ఒకడు ఊర్లకు పోయిండు, ఒకడు వాడకొచ్చిండు. వాళ్లను విడదీసింది ఏండ్లా, యాసనా?

1969లో, ఆ తర్వాత 2014 దాక, లోకల్ ఎవరు, నాన్‌లోకల్ ఎవరు అని కొట్లాట నడిచింది. నీళ్లు, నౌకర్ల కాడ జరిగిన అన్యాయం నిజమే. నేను కూడా "మా ఊరు మాకే" అని ఒర్రిన. కానీ గుడి మెట్లెక్కనియ్యని ఊరు నాదెట్లయితది? 1931లో అంబేద్కర్ గాంధీ ముఖం మీదనే తనకు స్వదేశం లేదన్నడు. బొంబాయిల అన్న ఆ మాట మా వాడను చూసి అన్నట్టే ఉంటది.

ఇప్పుడు దొరల పిల్లలు, ఆంధ్రా రైతుల పిల్లలు కలిసి అమెరికాల బతుకుతున్నరు. అక్కడోళ్లు తమను సమానంగా చూడాల్నంటున్నరు. అడగాల్సిందే. కానీ 2023 ఫిబ్రవరిల సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చెయ్యాల్సొచ్చింది.

కష్టం చేసుకునేటోడు ఎక్కడికన్న పోయి బతుకొచ్చు. మేం కూడా బతుకపోయినోళ్లమే. వలసొచ్చినోడు ఊర్ల కలవాలంటే ఊరి అన్యాయంల కూడా కలవాల్నా? ఇది వచ్చినోళ్లను అడుగుతున్న. ఉన్నోళ్లను అడిగేది వేరే ఉంది: కొత్తోన్ని పదేండ్లల్ల కలుపుకున్న మీరు, మాతోని ఎప్పుడు కలుస్తరు?