పంజరములోని ప్రేమ

రామచిలుకను పెంచు గృహస్థునకు దానిపై ప్రేమ లేదనరాదు. ప్రొద్దుననే జామపండు కోసి పెట్టును. అది ఇంటిలో ఒకరి పేరు పలికిననాడు అందరికిని పండుగ. పిల్లి వచ్చునేమో యని రాత్రి రెండుమారులు లేచి చూచును. పిల్లి వచ్చినచో పారిపోలేని దశను దానికి కల్పించినది ఆ పంజరమే కదా!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దేశీయమైన చిలుకలను పట్టి పెంచుట నేడు నేరము. పశ్చాత్తాపము కలిగి తలుపు తెరచుట సులభమే. కాని పిల్లగా నున్నప్పుడే గూటినుండి తీయబడి, మనిషి చేతి మేతకు మరగిన పక్షి ఆహారము వెదకుట నేర్వలేదు. రెక్కల ఈకలు కత్తిరింపబడినచో ఎగురనైన లేదు. కాకులు పొడిచి చంపును. బంధించుట తప్పయినపుడు విడుచుట ఒప్పు కావలెను. ఇచట అదియు హింసయే. అటవీశాఖవారికి అప్పగించుట యొక్కటే మార్గము. ఆ ఉదయమునను గృహస్థుడు జామముక్క అందించును. చిలుక, ఎప్పటివలెనే, అతని వ్రేలిపై నెక్కి కూర్చుండును.