నేల ఊగే కోట

1997లో లండన్‌లోని రౌండ్‌హౌస్‌లో నృత్యకారులు విలియం ఫోర్సైత్, డానా కాస్పెర్సెన్, సంగీతకారుడు జోయెల్ రయాన్ కలిసి ఒక తెల్లటి గాలికోట నిలబెట్టారు. మన ఎగ్జిబిషన్లలో పిల్లలు టికెట్ కొనుక్కుని ఎగురుతారే, అదే. కాకపోతే చాలా పెద్దది, పెద్దవాళ్లూ ఎగరొచ్చు. రౌండ్‌హౌస్ 1847లో రైలింజన్లను తిప్పడానికి కట్టిన గుండ్రటి షెడ్డు. ఫోర్సైత్ అప్పటికి ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలేకి డైరెక్టర్. అంతటివాడు ఒక్క డాన్సర్‌నీ పెట్టకుండా, ఒక్క అడుగూ నేర్పకుండా, వచ్చినవాళ్లనే ఎగరమన్నాడు.

నేను అందులో ఎగరలేదు, వీడియోల్లో చూసిందే. నన్ను పట్టుకున్నది ఆ ఎగరడం కాదు, నేల. ఊరికే ఓ పక్కన నిలబడి చూద్దామనుకుంటే కుదరదు. పక్కనెవరో దూకగానే ఆ ఊపు వచ్చి మన మోకాళ్లు వంచేస్తుంది. పడకుండా తమాయించుకోడానికి మనం వేసిన అడుగు ఇంకొకరి కాలికింద గుంటవుతుంది. ‘నా మానాన నేనున్నాను, ఎవరి జోలికీ పోను’ అని గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆ మాట అక్కడ చెల్లదు. కదలనివాడి బరువుకీ నేల దిగుతుంది.

మన జడకోలాటం లెక్క వేరు. పైన కట్టిన తాళ్ల కొసలు పట్టుకుని ఒకరి లోపలగా ఒకరు, బయటగా ఒకరు నడుస్తుంటే జడ పడుతుంది. అవే అడుగులు వెనక్కి వేస్తే విడిపోతుంది. ఒక్కరు తప్పినా చిక్కు పైన కనబడుతుంది, ఎవరు తప్పారో గురువు ఇట్టే పట్టేస్తాడు. సంఘం అనగానే మన మనసులో మెదిలేది ఇదే: నేర్చిన అడుగు, దిద్దే పెద్ద, తప్పుకో బాధ్యుడు.

కానీ కట్నం అలా పుట్టిందా? 1961లోనే చట్టం వద్దంది. రేటు ఎవరూ కూర్చుని రాయలేదు. పక్కింటివాళ్లు ఎంతిచ్చారో చూసి మనం ఇచ్చాం, మనల్ని చూసి మరొకరు ఇచ్చారు. అడిగితే ప్రతివాళ్లూ ‘లోకం తీరే అంత’ అంటారు. ఆ లోకంలో తమ ఊపూ కలిసిందంటే మాత్రం ఒప్పుకోరు. పోనీ వెనక్కి నడిచి విప్పుదామా అంటే, ఎవరి చేతిలోనూ తాడు లేదు.

అలాగని ఈ గాలికోటే ప్రజాస్వామ్యం అనేస్తే అతి. (కళ గురించి రాసేవాళ్లకి ఆ తొందర ఎక్కువ.) నేల ఊగేది అందరి బరువుకే, నిజమే. ఉబ్బి నిలిచేది మాత్రం ఆగకుండా తిరిగే ఫ్యాను గాలితో. దాని స్విచ్ ఎగిరేవాళ్ల చేతిలో ఉండదు. మోకాళ్ల నొప్పులవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఒకేసారి ఎంతమందిని వదలాలో, ఎప్పుడు బయటికి రమ్మనాలో అక్కడ నిలబడ్డ మనిషి చెప్తాడు. లోపలి ఊపు గురించి ఇంత రాసిన నేనూ, ఆ మనిషికి ఇచ్చింది ఒక్క వాక్యం.