త్రోవలో నుండగానే

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 15:36–41, మత్తయి 5:23–25



ప్రయాణము మనుష్యుని లోపలిదానిని బయటపెట్టును. ఇంటిలో ముప్పది సంవత్సరములు దాగియున్న స్వభావము బస్సులో మూడు గంటలలో వెలుపలికి వచ్చును. కిటికీ ప్రక్క సీటు, నీళ్ల సీసా, చేతిలోని చిల్లర, ఇంత చిన్న సంగతులే మన ఓర్పును తూచు త్రాసులగును. వెంట వచ్చినవాడు ప్రాణస్నేహితుడైనచో ఆ పరీక్ష మరింత కఠినము. ఏలయనగా పరాయివాని యెదుట మనము మర్యాదగా నుందుము. మనవాని యెదుట ఆ మర్యాదను మరచుదుము.

పౌలు బర్నబాల స్నేహము సామాన్యమైనది కాదు. యెరూషలేములోని శిష్యులు సౌలును చూచి భయపడినప్పుడు, అతనిని చేరదీసి అపొస్తలుల యొద్దకు తోడుకొనిపోయినవాడు బర్నబా. తార్సుకు వెళ్లి అతనిని వెదకి అంతియొకయకు తెచ్చినవాడును బర్నబాయే. తరువాత వారిద్దరు కుప్రకు ఓడ నెక్కి, అచ్చటనుండి పెర్గే, పిసిదియలోని అంతియొకయ, ఈకొనియ, లుస్త్ర, దెర్బే అను పట్టణములు తిరిగిరి. లుస్త్రలో జనులు పౌలును రాళ్లతో కొట్టి, చనిపోయెననుకొని ఊరి వెలుపలికి ఈడ్చివేసిరి. మరునాడే అతనితోకూడ దెర్బేకు బయలుదేరినవాడు బర్నబా.

ఆ రాళ్లు విడదీయలేని స్నేహితులను ఒక యౌవనస్థుని విషయమైన వాదము విడదీసెను. తాము తిరిగిన పట్టణములలోని సహోదరులను మరల చూచి రావలెనని ఇద్దరికిని ఇష్టమే. మొదటి ప్రయాణములో మధ్యనే విడిచి వెళ్లిన మార్కును వెంటబెట్టుకొందమని బర్నబా. అది తగదని పౌలు. తుదకు బర్నబా మార్కుతో కుప్రకును, పౌలు సీలతో సిరియ కిలికియలకును వెళ్లిపోయిరి. లూకా దీనిని దాచలేదు. మనకు బుద్ధి కలుగుటకే వ్రాసియుంచెను.

ఈ భాగము చదివినప్పుడెల్ల నాకు ఒక బస్సు ప్రయాణము జ్ఞాపకమునకు వచ్చును. మిషను హాస్టలులో నాతోకూడ ఒకే పళ్లెములో అన్నము తిని పెరిగిన స్నేహితుడొకడు నాకుండెను. ఉద్యోగములు ముగిసిన పిమ్మట, మన పెద్దలకు సువార్త అందిన కొన్ని పట్టణములను కలిసి చూచి రావలెనని బయలుదేరితిమి. 1840లో శామ్యూల్ డే దొరగారు వచ్చి స్థిరపడిన నెల్లూరు మొదట చూచితిమి. అక్కడనుండి ఒంగోలు చేరి, 1854 జనవరి 1వ తేదీ ప్రాతఃకాలమున జూయెట్ దొరగారును కొందరు విశ్వాసులును మోకాళ్లూనిన ప్రార్థన కొండ నెక్కితిమి. కొండమీద మేమిద్దరము చేతులు పట్టుకొని ప్రార్థించితిమి.

మరునాటి ఉదయముననే ఆ చేతులు విడిపోయెను. గుంటూరు బస్సు సిద్ధముగా నుండగా, నా స్నేహితుడు టీ కొట్టు దగ్గర ఎవరితోనో మాటలలో పడెను. బస్సు వెళ్లిపోయెను. నేను పదిమందిలో, "చిన్నప్పటినుంచీ నీది ఇదే తంతురా! నిన్ను నమ్ముకుంటే ఏ పనీ వేళకు కాదు" అని కేకలు వేసితిని. అతడు మారు పలుకలేదు. తరువాతి బస్సులో అతడు వెనుక సీటులోను, నేను ముందు సీటులోను కూర్చుంటిమి.

ఒంగోలు దాటిన పిమ్మట బస్సు గుండ్లకమ్మ మీదుగా పోవును. 1878 జూలై 3న ఆ నదిలోనే, వెల్లంపల్లి యొద్ద, బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ నదిని చూడవలెనని నేను ఎన్ని సంవత్సరములుగానో కోరియుంటిని! అయితే కోపముతో తల వంచుకొని కూర్చున్న నేను నది ఎప్పుడు వచ్చెనో, ఎప్పుడు పోయెనో ఎరుగను. చూడుడి, సహోదరునిపై కోపము పెట్టుకొనినవాడు దేవుని కార్యముల మీదుగా పోవుచును వాటిని చూడలేడు.

చిలకలూరిపేటలో బస్సు ఆగెను. ఎవరో నా కిటికీ తట్టిరి. అతడే, చేత టీ గ్లాసు పట్టుకొని నిలిచియుండెను. "చక్కెర వేయొద్దని చెప్పాను. చల్లారకముందే తాగరా" అనెను. నాకు కన్నీళ్లు వచ్చెను. "నన్ను క్షమించరా" అంటిని. "నువ్వన్నది నిజమే కదరా, నేనెప్పుడూ ఆలస్యమే" అని అతడు వచ్చి నా ప్రక్కన కూర్చుండెను.

నేననినది నిజమే. దానిని ప్రేమతో అనలేదు. మార్కు విషయమైన పౌలు మాటలోను న్యాయము లేకపోలేదు. మార్కు నిజముగానే విడిచి వెళ్లెను గదా. న్యాయము నా పక్షముననున్నదని నమ్మినవాడే సమాధానపడుటకు అందరికంటె ఆలస్యము చేయును.

గుంటూరు, విజయవాడ చూచుకొని మేము కడపటిగా మచిలీపట్నము చేరితిమి. 1841లో ఫాక్సు దొరగారును నోబుల్ దొరగారును సువార్త సేవకు వచ్చిన ఊరది. నోబుల్ గారు పట్టణములో పాఠశాల పెట్టి బాలురకు బోధించిరి. ఫాక్సు గారు గ్రామములు తిరిగి ప్రకటించిరి. పద్ధతులు వేరైనను పొలము ఒక్కటే. స్నేహితులు ఒక్క తీరువారు కానక్కరలేదు, ఒక్క యజమానుని పనివారైన చాలును.

ఆ ప్రయాణమే మా ఇద్దరికిని కడపటిది. రెండు సంవత్సరముల తరువాత నా స్నేహితుడు ప్రభువునందు నిద్రించెను. చిలకలూరిపేటలో ఆ గ్లాసును నేను త్రోసివేసి యుండినచో, అతని సమాధి యొద్ద ఏ ముఖముతో నిలిచి యుందును?

దేవుడు పౌలు బర్నబాల తగవును కూడ తన పనికి త్రిప్పుకొనెను. పౌలు చెరలో నుండి, మార్కు తనకు ప్రయోజనకరమైనవాడనియు, అతనిని వెంటబెట్టుకొని రమ్మనియు తిమోతికి వ్రాసెను. కొరింథీయులకు వ్రాసిన పత్రికలో బర్నబాను తనతో సమానమైన పనివానిగా పేర్కొనెను. అయినను వారిద్దరు మరల ఒకే త్రోవను నడచినట్లు లేఖనములలో ఎక్కడను కనబడదు. ఆ మౌనము మనకొక హెచ్చరిక.

ప్రియులారా, మన ప్రభువు ప్రతివాదితో త్రోవలో నుండగానే సమాధానపడుమనెను. ఈ జీవితమును ఒక బస్సు ప్రయాణమే. ఎవరి స్టేజీ ఎప్పుడు వచ్చునో మనమెరుగము. ఒకే గుడిలో వేరువేరు బల్లలమీద కూర్చుండి, ఒకరి ముఖము ఒకరు చూడక పాటలు పాడువారు మనలో లేరా? ప్రభువు బల్ల యొద్దకు వచ్చుటకు ముందుగా లేచి వెళ్లుడి. పెద్ద మాటలు అక్కరలేదు. ఒక్కొక్కప్పుడు ఒక గ్లాసు టీ చాలును.

ప్రార్థన: ఇద్దరిద్దరుగా శిష్యులను పంపిన ప్రభువా, మాతో నడచుటకు నీవిచ్చిన స్నేహితులకొరకు నీకు స్తోత్రము. మేము నొప్పించినవారి యొద్దకు ఈ దినమే వెళ్లు తగ్గింపును, మమ్మును నొప్పించినవారు వచ్చినప్పుడు చేర్చుకొను ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.