ఎవరి మాట వినాలి?

పెద్దల మాట చద్దిమూట అన్నారు. బాగానే ఉంది. కాని ఇద్దరు పెద్దలు ఒకేసారి రెండు మాటలు చెబితేనో? పొయ్యి మంట తగ్గించమని ఒకరు, పెంచమని ఒకరు! పోతే పోయేది పులుసే అనుకోండి. అయినా చివరికి మాట పడేది మాత్రం గరిటె పట్టుకున్న మనిషే.

ఇదే చిక్కు 36,000 అడుగుల ఎత్తున వచ్చింది ఒకసారి. 2002 జులై 1 రాత్రి, జర్మనీలో ఊబర్లింగెన్ అనే ఊరి పైన. మాస్కో నించి బార్సిలోనా వెళ్తున్న రష్యన్ విమానం ఒకటి. అందులో ఎక్కువమంది సెలవులకి బయలుదేరిన బడిపిల్లలు. రెండోది సరుకుల విమానం, ఇద్దరు పైలట్లు. రెండూ ఒకే ఎత్తున ఒకదానికొకటి అడ్డంగా వస్తున్నాయి.

వాటికి దారి చూపాల్సినవాడు జూరిచ్‌లోని కంట్రోలరు. తోటి ఉద్యోగి విశ్రాంతికి వెళ్ళాడు. ఒక్కడే రెండు తెరలు చూసుకుంటున్నాడు. మరమ్మతుల వల్ల, ప్రమాదముందని తెర మీద చూపించే ఏర్పాటు పనిచెయ్యడం లేదు. టెలిఫోను కూడా అంతే. పక్క కేంద్రంవాళ్ళు ముప్పు కనిపెట్టి ఫోను చేసినా అందలేదు. ఆఖరి నిమిషంలో చూసుకుని, రష్యన్ పైలట్లని కిందికి దిగమన్నాడు.

కొద్ది క్షణాలకే విమానంలోని యంత్రం పైకి వెళ్ళమంది!

ఆ యంత్రం పేరు టీకాస్. ఎదురుపడ్డ రెండు విమానాల్లోని యంత్రాలూ తమలో తాము మాట్లాడుకుని, ఒకరు పైకి, ఒకరు కిందికి అని పంచుకుంటాయి. ఆ పంపకం సంగతి కింద కూర్చున్న కంట్రోలరుకి తెలియదు. సరుకుల విమానం తన యంత్రం మాట విని కిందికి దిగింది. రష్యన్ విమానం మనిషి మాట విని అదీ కిందికే దిగింది. 71 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

అయితే మనిషి కంటే యంత్రం గొప్పదనా? నాకలా అనిపించదు. ఆ చీకట్లో అవతలివాడెవరో మనకి తెలియదు. మన వంతు మనం చేస్తామన్న నమ్మకంతో వాడు తన వంతు చేస్తున్నాడు. యంత్రం మాట వినడమంటే ఆ ముక్కూ మొహం తెలియనివాడికిచ్చిన మాట నిలబెట్టుకోవడమే.

కాని అలా మాట ఇచ్చామని ఆ పైలట్లకి ఎవరైనా గట్టిగా చెప్పారా? అప్పటికి రూళ్ళే ఒకదానికొకటి పొసగవు. 1996లో మన హర్యానాలో, చర్ఖీ దాద్రి పైన రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయినప్పుడు, వాటిలో ఈ యంత్రమే లేదు. ఊబర్లింగెన్ నాటికి యంత్రం ఉంది, ఎవరి మాట పైమాటో తేల్చిన కట్టుబాటు లేదు. 2001లో జపాన్‌లోనూ సరిగ్గా ఇలాగే రెండు విమానాలు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. అయినా తేల్చలేదు. యంత్రం మాటే వినాలని అంతర్జాతీయంగా స్పష్టంగా రాసుకున్నది 2003లో.

ఆ కంట్రోలరుని 2004లో, భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న ఓ తండ్రి పొడిచి చంపాడు. పైవాళ్ళు నలుగురి తప్పుందని స్విట్జర్లాండు కోర్టు తేల్చింది 2007లో. అప్పటికి ఆ ఒంటరివాడు లేడు.

ఏళ్ళ తరబడి తీరిగ్గా తేల్చాల్సిన సంగతిని యాభై సెకన్ల వేళకి వదిలెయ్యడం, ఆనక ఆ వేళకి అక్కడున్నవాణ్ణి దోషి అనడం – ఇది న్యాయమేనా? మన ఇళ్ళలో మాత్రం జరగడం లేదూ? పెద్దాయనకి జబ్బు ముదిరితే ఏం చెయ్యాలో అన్నదమ్ములెవరూ ముందుగా మాట్లాడుకోరు. అర్ధరాత్రి ఆస్పత్రిలో ఆపరేషను కాగితం ఎదటికొస్తుంది. ఫోనులో ఒకరు చేయించమంటారు, ఒకరు వద్దంటారు. పెన్ను మాత్రం ఆ పూట తోడుగా పడుకున్న కోడలి చేతిలో ఉంటుంది.

ఏం జరిగినా, తర్వాత ఆ సంతకం గురించే మాట్లాడుకుంటారు అందరూ.