రెండు రూపాయల వడ్డీ, రెండేళ్ళ డిప్లొమా

గోదావరి జిల్లాల్లో ఇంటర్ ఫలితాలొచ్చిన వారం, బైపీసీ పిల్లలున్న ఇళ్ళలో ఇంచుమించు ఒకే వాదన నడుస్తుంది. మెడికల్ సీటు రాదని తేలిపోయింది. మేనమామ "డి.ఎం.ఎల్.టి.లో చేర్పించెయ్యండి బావా, రెండేళ్ళే కదా, రాజమండ్రిలో సందుకో ల్యాబుంది" అంటాడు. పెదనాన్న "చేరాక ఇచ్చేది పదివేలో పన్నెండు వేలో, దానికి రెండు లక్షల అప్పా?" అంటాడు. చదువుని డబ్బుతో తూచే ఇలాంటి పెదనాన్నల్ని చూస్తే మనబోటి పుస్తకాలు చదివేవాళ్ళకి చిరాకు. నాకాయన మీద గౌరవమే. చదువుకి వెల కట్టకూడదన్న మాట, దానికోసం అప్పు చెయ్యక్కర్లేని ఇళ్ళలోనే ఎక్కువ వినిపిస్తుంది.

కాబట్టి తూచే చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, లెక్క కోసం. ఫీజూ హాస్టలూ కలిపి 2 లక్షలు. ఊళ్ళో ప్రోనోటు రాసి తెస్తే రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. చదువు పూర్తయ్యే 24 నెలలకి వడ్డీ 96,000. ఉద్యోగంలో చేరే రోజుకి బాకీ 2,96,000. జీతం 12,000 అనుకుందాం. అద్దెకీ తిండికీ బస్సుకీ 6,000 పోతే చేతిలో 6,000. ఆ నెల వడ్డీ 5,920. అసలుకి జమయ్యేది 80 రూపాయలు. ఒక నెల జ్వరమొచ్చి జీతం కోత పడితే అదీ ఉండదు. మూడేళ్ళకోసారి, కాలదోషం పట్టకుండా, నోటు తిరగరాస్తారు. కట్టని వడ్డీ అసలులో కలుస్తుంది.

ఇప్పుడు అదే 2 లక్షలు బ్యాంకులో 10 శాతానికి దొరికిందనుకోండి. చదివే రెండేళ్ళకి వడ్డీ 40,000. తర్వాత నెలకి అదే 6,000 కడితే దాదాపు నాలుగేళ్ళలో మొత్తం తీరిపోతుంది.

అదే కోర్సు, అదే అమ్మాయి, అదే జీతం. ఒకచోట నాలుగేళ్ళు, ఇంకోచోట ఎప్పటికో చెప్పలేం. అంటే ఇంతసేపూ మనం తూచింది కోర్సుని కాదు, ఆ ఇంటికి ఎక్కడ అప్పు పుడుతుందన్నదాన్ని. 4 లక్షల లోపు విద్యా రుణానికి తనఖా అక్కర్లేదని బ్యాంకుల పథకమే చెబుతుంది. గుర్తింపున్న కాలేజీ అయ్యుండాలి, తల్లో తండ్రో కూడా సంతకం పెట్టాలి. కానీ కౌలు చేసుకునే మనిషికి చాలాసార్లు పంట రుణమే పుట్టదు. అలాంటాయనకి బ్యాంకు మెట్లకన్నా ఊళ్ళో ఆసామి అరుగే దగ్గర.

పెదనాన్న లెక్కలో నాకు అడ్డుపడేది ఇంకొకటుంది. ఆయన జీతాన్ని వానలాగా చూస్తాడు. ఎంత పడితే అంత, మన చేతిలో ఏముందీ అని. జీతం వాన కాదు కదా, ఎవరో కూర్చుని నిర్ణయించేది. నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు చెప్పాక వేసిన కేంద్ర కమిటీ, 50 పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా 20,000కి తగ్గకూడదని 2016లో సిఫార్సు చేసింది. అది సిఫార్సే. అందులోనూ ల్యాబ్ టెక్నీషియన్లు లేరు. 2021లో వచ్చిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం వీళ్ళకి గుర్తింపూ రిజిస్ట్రేషనూ ఇస్తానంది, జీతం ఊసెత్తలేదు. డాక్టరు మందులు రాసేది మాత్రం చాలాసార్లు వీళ్ళిచ్చిన కాగితం చూశాకే.

ఈ నేల మీద అప్పుకీ రాబడికీ లెక్క కట్టడం కొత్తేం కాదు. 1832-33 నందన కరువు తర్వాత, గోదావరి మీద పెట్టే ఖర్చు ఆదాయంగా తిరిగొస్తుందని కాటన్ వాదించాడు. 1847లో ధవళేశ్వరంలో మొదలెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. కుంఫిణీ ధర్మం చెయ్యలేదు, శిస్తు రూపంలో రాబట్టుకుంది. కానీ ఆనకట్ట కట్టడానికి ప్రతి రైతూ విడివిడిగా ప్రోనోటు రాయలేదు. నీళ్ళు రాకపోతే ఆ పెట్టుబడి నష్టం కుంఫిణీదే. ఇవాళ రక్తపరీక్ష ఊరందరికీ కావాలి. దాన్ని చేసే మనిషిని తయారుచేసే ఖర్చూ, ఆ ఖర్చు తిరిగి రాదేమోనన్న భయమూ ఒక పద్దెనిమిదేళ్ళ పిల్ల మీదే ఎందుకుండాలి? ఆమె పనితో బతికే ఆసుపత్రి ఇందులో ఏ నోటు మీదా సంతకం పెట్టదు.

అప్పు, రుణం ఒకటి కావు. తైత్తిరీయ సంహిత మనిషి మూడు ఋణాలతో పుడతాడంటుంది (బ్రాహ్మణుడి గురించే అంది లెండి). అందులో ఋషి ఋణం తీరేది చదువుతో. ఇప్పుడు చదివితేనే మొదలవుతోంది. డేవిడ్ గ్రేబర్ 2011లో అప్పు చరిత్ర రాస్తూ, బాధ్యతకి అంకె తగిలిస్తే అప్పవుతుందన్నాడు. మన ఇళ్ళలో తిరగబడి కూడా జరుగుతుంది. అంకె ఉన్న అప్పు కాస్తా అంకె లేని రుణమైపోతుంది. "నీకోసం అప్పు చేశాం" అన్న మాటకి వడ్డీ రేటు లేదు, కాలదోషమూ పట్టదు. నచ్చని సంబంధం ఒప్పుకోమన్నప్పుడూ, కువైట్ వెళ్ళమన్నప్పుడూ అదే బయటికొస్తుంది. కొడుకుతోనూ అంటారు గానీ, కొడుకు జీతం ఎవరింటికి వెళ్తుందన్న ప్రశ్న రాదు. కూతురికి పెళ్ళయితే జీతం అత్తారింటికి, నోటు పుట్టింట్లో.

నన్నడిగితే ఆ అమ్మాయి చేరొచ్చు, బ్యాంకు అప్పయితేనే. రెండు రూపాయల వడ్డీకైతే ఒక ఏడాది ఆగి బ్యాంకు చుట్టూ తిరగడమే నయం. చేరేముందు అప్పు ఎంతో, నెలకి ఎంత కడుతుందో, ఎన్ని నెలలకి తీరుతుందో ఒక కాగితం మీద రాసుకుని, తండ్రీ కూతురూ ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలి. సంబంధం మాట్లాడేటప్పుడు, కట్నం సంగతి ఎత్తకముందే, ఇంకా ఎన్ని నెలలున్నాయో ఆ కాగితం చూపించి చెప్పాలి. మొహమాటంగానే ఉంటుంది. పెదనాన్న ఉన్నాడుగా, అడగడానికి వెనకాడని మనిషి, ఆయన్నే చెప్పమంటే సరి.